ఆకాశంలో దారి

పాఠ్యభాగ పరిచయం: ఇది వైజ్ఞానిక వ్యాసం. కంటి చూపును ఆధారం చేసుకొని విమానం నడిపేవారు పటాన్నీ, దిక్సూచినీ, గడియారాన్నీ ఏ విధంగా ఉపయోగిస్తారో ఈ పాఠం తెలుపుతుంది. భూగోళంలోనూ గణితంలోనూ విద్యార్థులు నేర్చుకొన్న విషయాలు ఇందులో కలిసి వస్తాయి.

1932 అక్టోబరు 15వ తేదీ ఉదయం కరాచీలోని డ్రిగ్ రోడ్ విమానాశ్రయం నుండి ఒక చిన్న విమానం పైకి లేచింది. దాని పేరు పస్ మాత్. దానికి ఉన్నది ఒకే ఇంజను. దానిని నడుపుతున్నవారు జె.ఆర్.డి. టాటా. మన దేశంలో విమానం నడిపే లైసెన్సును 1929లో మొట్టమొదట పొందినవారు ఆయనే. లండను నుండి వచ్చిన ఉత్తరాల సంచులను తీసుకొని ఆయన అహమదాబాదులో ఆగారు. ఎద్దుబండి మీద తెచ్చిన పెట్రోలు పోయించుకొని మళ్ళీ బయలుదేరి, మధ్యాహ్నం బొంబాయిలోని జుహూ మైదానంలో దిగారు. అక్కడి నుండి నెవిల్ వింట్‌సెంట్ అనే పైలట్ ఆ ఉత్తరాలను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. టాటా వారి విమాన తపాలా సర్వీసు ఆ విధంగా మొదలయింది.

ఆ విమానంలో రేడియో లేదు. దారి చెప్పే యంత్రాలు నేల మీదా లేవు. ఆకాశంలో రోడ్డు ఉండదు, మైలురాయి ఉండదు, దారి అడగడానికి మనిషీ ఉండడు. బొంబాయి నుండి బళ్ళారికి ఆకాశమార్గాన సుమారు 615 కిలోమీటర్లు. దిక్కు కొద్దిగా తప్పినా వేరే ఊరికి పోవలసి వస్తుంది. వెతుక్కుంటూ తిరిగితే పెట్రోలు అయిపోతుంది. ఇటువంటి పరిస్థితిలో ఆనాటి పైలట్లకు తోడుగా నిలిచినవి నాలుగే: పటం, దిక్సూచి, గడియారం, తమ కళ్ళు.

ఈనాడు పెద్ద విమానాలు మేఘాలలోనూ చీకటిలోనూ యంత్రాల సాయంతో ప్రయాణిస్తున్నాయి. అయినా విమానం నడపడం నేర్చుకొనే ప్రతి విద్యార్థీ మొదట కంటి చూపుతో నడపడమే నేర్చుకొంటాడు. చిన్న విమానాలు ఈనాటికీ ఎక్కువగా ఈ పద్ధతిలోనే తిరుగుతాయి. దీనికి అంతర్జాతీయ నియమాలు ఉన్నాయి. సాధారణంగా పది వేల అడుగుల లోపు ఎగిరేటప్పుడు కనీసం 5 కిలోమీటర్ల దూరం స్పష్టంగా కనిపించాలి. మేఘాలకు అడ్డంగా 1500 మీటర్లు, నిలువుగా 300 మీటర్లు ఎడంగా ఉండాలి. చూపే ఆధారమైనప్పుడు చూపుకు అడ్డం వచ్చే చోటికి పోరాదన్నదే ఈ నియమాల సారాంశం.

పైలట్ వాడే పటాన్ని వైమానిక పటం అంటారు. బడిలో గోడకు వ్రేలాడే పటానికీ దీనికీ చాలా భేదం ఉన్నది. గోడపటంలో రాష్ట్రాల సరిహద్దులు, రాజధానులు ముఖ్యం. ఆకాశం నుండి చూస్తే సరిహద్దు కనిపించదు. కర్ణాటక ఎక్కడ ముగిసిందో, ఆంధ్రప్రదేశ్ ఎక్కడ మొదలయిందో నేల మీద గీత గీసి ఉండదు. కనిపించేవి నదులు, చెరువులు, కొండకోనలు, రైలుమార్గాలు, రోడ్లు, ఊళ్ళు, సముద్రతీరం. వైమానిక పటం వీటికే పెద్దపీట వేస్తుంది.

ఈ పటాలను సాధారణంగా రెండు స్కేళ్ళలో తయారుచేస్తారు. ఒకటి పది లక్షలకు ఒకటి. అందులో ఒక సెంటీమీటరు నేల మీద 10 కిలోమీటర్లకు సమానం. రెండవది ఐదు లక్షలకు ఒకటి. అందులో ఒక సెంటీమీటరు 5 కిలోమీటర్లు. మొదటి దానిలో ఎక్కువ ప్రదేశం ఒకే కాగితం మీద కనిపిస్తుంది. రెండవ దానిలో వివరాలు ఎక్కువ. నెమ్మదిగా, తక్కువ ఎత్తులో పోయే చిన్న విమానాలకు రెండవది అనుకూలం.

నేల ఎత్తుపల్లాలను పటంలో రంగులతో చూపుతారు. పల్లపు నేలకు ఆకుపచ్చ, ఎత్తు పెరిగేకొద్దీ పసుపు, ఆపైన గోధుమ రంగులు వాడతారు. నీటికి నీలం. సమాన ఎత్తు గల ప్రదేశాలను కలుపుతూ గీసిన గీతలను సమోన్నత రేఖలు అంటారు. ఈ రేఖలు దగ్గరదగ్గరగా ఉంటే కొండ నిటారుగా ఉన్నదనీ, దూరదూరంగా ఉంటే నేల మెల్లగా ఎత్తు అవుతున్నదనీ గ్రహించాలి. టెలివిజన్ స్తంభాలు, పొగగొట్టాలు, పెద్ద కరెంటు లైన్లు వంటివాటిని ప్రత్యేకమైన గుర్తులతో చూపుతారు. స్తంభం పక్కన రెండు అంకెలు ఉంటాయి. ఒకటి సముద్రమట్టం నుండి దాని కొన ఎంత ఎత్తున ఉన్నదో చెబుతుంది. కుండలీకరణాలలో ఉన్న రెండవ అంకె నేల నుండి స్తంభం ఎత్తును చెబుతుంది. పైలట్‌కు మొదటిదే ఎక్కువ అవసరం. ఎందుకంటే అతని ముందున్న ఎత్తు కొలిచే యంత్రాన్ని సాధారణంగా సముద్రమట్టం నుండి ఎత్తు చూపేటట్లు సరిచేసి ఉంచుతారు. యంత్రం 3000 అడుగులు చూపుతున్నా, కింద ఉన్న నేలే 2500 అడుగుల ఎత్తున ఉంటే విమానం నేలకు 500 అడుగుల పైన మాత్రమే ఉన్నట్లు.

కంటికి కనిపించనివి కూడా వైమానిక పటంలో ఉంటాయి. పెద్ద విమానాశ్రయాల చుట్టూ అనుమతి లేకుండా ప్రవేశించరాని గగనతలం ఉంటుంది. సైనిక ప్రాంతాలు, ప్రమాద ప్రాంతాలు ఉంటాయి. ఉదాహరణకు శ్రీహరికోట నుండి రాకెట్లను ప్రయోగించే సమయాలలో ఆ చుట్టుపక్కల గగనతలంలోకి విమానాలను రానివ్వరు. నేల మీద కంచె ఉంటే కనిపిస్తుంది. ఆకాశంలో కంచె పటంలోనే కనిపిస్తుంది. అందుచేత పాత పటంతో ప్రయాణం చేయరాదు. కొత్తగా కట్టిన స్తంభం, కొత్తగా మూసిన ప్రాంతం పాత పటంలో ఉండవు.

ఈ పటాలు ఒక్కరోజులో తయారుకాలేదు. అమెరికాలో తొలి రోజులలో ఉత్తరాలు మోసిన పైలట్లు రోడ్ల పటాలను, రైలుపట్టాలను నమ్ముకొని ఎగిరేవారు. పొగమంచులో కొండలకు తగిలి ఎందరో మరణించారు. 1920లలో అక్కడి ప్రభుత్వం దారి పొడుగునా దీపస్తంభాలు నిలిపింది. నేల మీద పెద్ద పెద్ద కాంక్రీటు బాణాలు కట్టించి, తరువాతి దీపం ఎటు ఉన్నదో చూపింది. ఆ బాణాలు కొన్ని ఈనాటికీ అక్కడ మిగిలి ఉన్నాయి.

ఆ ఉత్తరాల పైలట్లలో ఎల్రీ జెప్పసన్ ఒకడు. అతడు 1930 ప్రాంతంలో పది సెంట్లు పెట్టి ఒక నోటుపుస్తకం కొన్నాడు. తాను దిగిన ప్రతి మైదానం పొడవు, వాలు, చుట్టూ ఉన్న చెట్ల ఎత్తు, గుట్టల ఎత్తు అందులో వ్రాసుకొన్నాడు. సెలవు రోజులలో ఎత్తు కొలిచే యంత్రం పట్టుకొని కొండలూ, పొగగొట్టాలూ, నీళ్ళ ట్యాంకులూ స్వయంగా ఎక్కి కొలిచాడు. ఫోను చేస్తే వాతావరణం ఎలా ఉన్నదో చెప్పగల రైతుల నంబర్లు కూడా వ్రాసుకొన్నాడు. ఇతర పైలట్లు ఆ పుస్తకానికి నకళ్ళు అడగసాగారు. 1934లో అతడు వాటిని అచ్చువేసి అమ్మడం మొదలుపెట్టాడు. అతని పేరుతో ఏర్పడిన సంస్థ పటాలను తరువాతి కాలంలో ప్రపంచమంతటా పైలట్లు వాడారు.

ఒక్కొక్క దేశం ఒక్కొక్క రకమైన గుర్తులు వాడితే, సరిహద్దు దాటిన పైలట్ పటం చదవలేడు. 1944 డిసెంబరులో అమెరికాలోని చికాగో నగరంలో అనేక దేశాలు సమావేశమై పౌరవిమానయానంపై ఒక ఒప్పందం కుదుర్చుకొన్నాయి. దాని ఫలితంగా ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ 1948లో వైమానిక పటాలకు ఉమ్మడి ప్రమాణాలను ఆమోదించింది. అందువల్లనే ఒక దేశంలో పటం చదవడం నేర్చుకొన్నవారు మరొక దేశపు పటాన్ని కూడా చదవగలుగుతున్నారు.

పటం సిద్ధమైన తరువాత దిక్కు తెలియాలి. వైమానిక పటంలో దిక్కును డిగ్రీలలో చెబుతారు. ఉత్తరం నుండి గడియారపు ముల్లు తిరిగే వైపుగా లెక్కిస్తారు. తూర్పు 90, దక్షిణం 180, పడమర 270, ఉత్తరం 360 డిగ్రీలు. విమానాశ్రయాలలో రన్‌వే కొసన పెద్దగా వ్రాసి ఉండే అంకె కూడా దిక్కునే తెలుపుతుంది. 09 అని ఉంటే ఆ రన్‌వే మీద పరుగెత్తే విమానం ముఖం దాదాపు 90 డిగ్రీలకు, అంటే తూర్పుకు ఉన్నదని అర్థం. అదే రన్‌వే రెండవ కొసన 27 అని ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పటంలోని ఉత్తరం భూమి ధ్రువాన్ని చూపుతుంది. దిక్సూచి ముల్లు అయస్కాంత ఉత్తరాన్ని చూపుతుంది. ఈ రెండూ ఒకటి కావు. ఈ భేదాన్ని అయస్కాంత దిక్పాతం అంటారు. ఇది చోటును బట్టి మారుతుంది, కాలాన్ని బట్టి కూడా మెల్లగా మారుతుంది. దక్షిణ భారతదేశంలో ఇది ఒకటి రెండు డిగ్రీలు పడమరకు మాత్రమే ఉన్నది. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో సుమారు 15 డిగ్రీలు తూర్పుకు ఉన్నది. దిక్పాతం పడమరకు ఉంటే పటం మీద కొలిచిన దిక్కుకు కలపాలి. తూర్పుకు ఉంటే తీసివేయాలి. ఇదిగాక విమానంలోని ఇనుము, విద్యుత్ తీగలు కూడా ముల్లును కొద్దిగా తప్పుదారి పట్టిస్తాయి. ఆ భేదం ఎంతో కొలిచి, ఒక చిన్న కార్డు మీద వ్రాసి దిక్సూచి దగ్గరే ఉంచుతారు.

రెండవ చిక్కు గాలి. ప్రవాహానికి అడ్డంగా ఏరు దాటే పడవను గమనించండి. పడవవాడు ఎదుటి రేవుకు చేరాలంటే పడవ ముక్కును ప్రవాహానికి ఎదురుగా కొంత తిప్పి ఉంచుతాడు. అలా చేయకపోతే రేవుకు దిగువన తేలుతాడు. విమానం కూడా అంతే. గాలి ఎడమ నుండి వీస్తుంటే విమానం ముక్కును కొంత ఎడమకు తిప్పి ఉంచాలి. గాలి దిక్కునే కాక కాలాన్ని కూడా మారుస్తుంది. ఎదురుగాలి వస్తే ప్రయాణం ఆలస్యమవుతుంది. వెనుక నుండి గాలి వస్తే త్వరగా చేరుతుంది.

బళ్ళారి నుండి చెన్నైకి ఒక ప్రయాణాన్ని కాగితం మీద సిద్ధం చేసి చూద్దాం. వైమానిక పటం మీద ఈ రెండు ఊళ్ళను కలుపుతూ సరళరేఖ గీస్తే దాని పొడవు సుమారు 424 కిలోమీటర్లు వస్తుంది. కోణమానినితో కొలిస్తే దిక్కు సుమారు 124 డిగ్రీలు, అంటే ఆగ్నేయానికి దగ్గర. ఒకటి రెండు డిగ్రీల పడమటి దిక్పాతాన్ని కలిపితే దిక్సూచి ప్రకారం 125 లేక 126 అవుతుంది. విమానం వేగం గంటకు 160 కిలోమీటర్లనుకొంటే, గాలి లేని రోజున 2 గంటల 39 నిమిషాలు పడుతుంది. గంటకు 30 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద వేగం 130కి పడిపోయి 3 గంటల 16 నిమిషాలు పడుతుంది. మూడు గంటలకు సరిపడే పెట్రోలుతో బయలుదేరినవాడు మొదటి రోజున చేరతాడు, రెండవ రోజున చేరడు. అందుకే గాలిని లెక్కవేసిన తరువాత కూడా, పగటి ప్రయాణానికి సాధారణంగా కనీసం అరగంటకు సరిపడే పెట్రోలు అదనంగా ఉండాలన్న నియమం ఉన్నది.

ఎత్తుకు కూడా నియమం ఉన్నది. దిక్సూచి ప్రకారం 0 నుండి 179 డిగ్రీల లోపు దిక్కులకు పోయేవారు బేసి వేలకు 500 కలిపిన ఎత్తులో, అంటే 3500, 5500 అడుగులలో పోవాలి. 180 నుండి 359 డిగ్రీల దిక్కులకు పోయేవారు సరి వేలకు 500 కలిపి 4500, 6500 అడుగులలో పోవాలి. ఇందువల్ల ఎదురెదురుగా వచ్చే విమానాలు ఒకే ఎత్తులో ఉండవు. చెన్నై ప్రయాణానికి 3500 కానీ 5500 కానీ ఎన్నుకోవచ్చు. అయితే తిరుపతి దగ్గర శేషాచలం కొండలు ఉన్నాయి. తిరుమల ఊరే సముద్రమట్టానికి 850 మీటర్లకు పైన, అంటే సుమారు 2800 అడుగులకు పైన ఉన్నది. కనుక 5500 క్షేమకరం.

ఇక దారిలో గుర్తులు ఎన్నుకోవాలి. ఈ రేఖ అనంతపురం పట్టణం మీదుగా పోతుంది. ఆ పట్టణానికి ముందే పెన్నానది మీద కట్టిన పెనకచెర్ల జలాశయం రేఖకు దగ్గరలో కనిపిస్తుంది. అనంతపురం వద్ద గుంతకల్లు నుండి బెంగుళూరుకు పోయే రైలుమార్గం రేఖను అడ్డంగా దాటుతుంది. పట్టణం, జలాశయం, రైలుమార్గం మూడూ కలిసిన చోటు మంచి గుర్తు. ఒక్క చెరువునే గుర్తుగా పెట్టుకోరాదు. రాయలసీమలో చెరువులు చాలా ఉన్నాయి. వేసవిలో కొన్ని ఎండిపోతాయి. పటంలో నీలంగా ఉన్నది నేల మీద మట్టిరంగులో ఉండవచ్చు. అనంతపురం బళ్ళారి నుండి సుమారు 90 కిలోమీటర్లు కాబట్టి గాలి లేనప్పుడు 34 నిమిషాలలో రావాలి. తరువాత రేఖ తిరుపతికి దక్షిణంగా, కొద్ది దూరంలో పోతుంది. అక్కడికి సుమారు 325 కిలోమీటర్లు, 2 గంటల 2 నిమిషాలు. ఆపైన 100 కిలోమీటర్లలో చెన్నై. పటంలో ఒక్కొక్క గుర్తు పక్కన ఒక్కొక్క కాలం వ్రాసి ఉంచుకోవాలి.

విమానం బయలుదేరిన తరువాత పాటించవలసిన సూత్రం చాలా ముఖ్యమైనది. మొదట గడియారం చూడాలి. గడియారాన్ని బట్టి పటంలో ఇప్పుడు ఎక్కడ ఉండాలో చూడాలి. పటంలో ఆ చోట ఉన్న గుర్తుల కోసం చివరకు నేల మీద వెతకాలి. గడియారం, పటం, నేల అనే ఈ క్రమం తప్పరాదు. కొత్తగా నేర్చుకొనేవారు దీనిని తలక్రిందులు చేస్తారు. నేల మీద ఒక ఊరు కనిపించగానే అది పటంలో ఏదై ఉంటుందా అని వెతుకుతారు. పటంలో ఊళ్ళు ఎన్నో ఉంటాయి. చూస్తున్న ఊరికి పోలిక ఉన్న ఊరు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. అదే ఇది అని మనస్సు నమ్ముతుంది. రైలుమార్గం ఉండవలసిన చోట లేకపోతే, చెట్ల చాటున ఉన్నదేమో అని సర్దుకొంటుంది. ఆ విధంగా కన్ను చూసినదాన్ని కోరికకు తగినట్లు మార్చుకోవడం వల్లనే చాలామంది దారి తప్పుతారు. కనుక ఒక్క పోలికతో తృప్తిపడక మూడు పోలికలు చూడాలి. సరిపోని ఒక్క విషయం కనిపించినా దానిని తోసివేయరాదు.

దారి కొంచెం తప్పినట్లు తెలిస్తే సరిదిద్దుకోవడానికి సులభమైన లెక్క ఉన్నది. 60 కిలోమీటర్లు పోయాక 1 కిలోమీటరు పక్కకు జరిగితే, దిక్కు సుమారు 1 డిగ్రీ తప్పినట్లు. దీనిని అరవైకి ఒకటి సూత్రం అంటారు. 90 కిలోమీటర్లు పోయాక అనంతపురం విమానం కిందికి రాక 6 కిలోమీటర్లు కుడివైపున కనిపించిందనుకొందాం. ఆరును తొంభైతో భాగించి అరవైతో గుణిస్తే 4 వస్తుంది. అంటే విమానం 4 డిగ్రీలు ఎడమకు పోయింది. ఇంకా 334 కిలోమీటర్లు మిగిలి ఉన్నాయి. అంత దూరంలో 6 కిలోమీటర్లు వెనక్కు రావడానికి దాదాపు 1 డిగ్రీ కావాలి. కాబట్టి 5 డిగ్రీలు కుడికి తిరిగితే విమానం చెన్నైకి చేరుతుంది. ఆ తప్పును గమనించకుండా అలాగే పోతే, చెన్నైకి ఉత్తరంగా సుమారు 28 కిలోమీటర్ల దూరాన సముద్రతీరం వద్ద తేలుతుంది. అనంతపురం దగ్గర 6 కిలోమీటర్ల తప్పు ప్రయాణం చివరకు నాలుగున్నర రెట్లకు పైగా పెరిగిందన్న మాట.

తీరం చేరాక ఊరు కనిపించకపోతే ఎడమకు తిరగాలా, కుడికి తిరగాలా? ఈ సందేహానికి ఫ్రాన్సిస్ చిచెస్టర్ అనే ఆంగ్లేయుడు ఒక ఉపాయం పాటించాడు. అతడు 1931లో న్యూజిలాండు నుండి ఆస్ట్రేలియాకు చిన్న విమానంలో ఒంటరిగా ప్రయాణం చేశాడు. నడుమ సముద్రంలో చిన్న చిన్న దీవులలో దిగవలసి ఉన్నది. నేరుగా దీవికే గురిపెట్టి, అది కనిపించకపోతే, ఏ పక్కన ఉన్నదో తెలియదు. అందుచేత అతడు కావాలనే దీవికి ఒక పక్కకు గురిపెట్టాడు. సూర్యుని ఎత్తు కొలిచి, తగినంత దూరం వచ్చానని తెలిసిన తరువాత దీవి ఉన్న వైపుకు తిరిగాడు. తిరగవలసిన వైపు ముందే తెలుసు కనుక సందేహం లేకపోయింది. తీరాన్నో, నదినో, రైలుమార్గాన్నో చేరవలసిన ప్రయాణాలలో ఈనాటికీ ఈ ఉపాయాన్ని నేర్పుతారు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కొక్కప్పుడు దారి తప్పడం జరుగుతుంది. అప్పుడు ఏమి చేయాలో పైలట్లకు ముందే నేర్పుతారు. కంగారుపడి ఇటూ అటూ తిరగరాదు. మేఘాలు అడ్డురాకపోతే ఎత్తుకు పోవాలి. ఎత్తుకు పోతే ఎక్కువ దూరం కనిపిస్తుంది, రేడియో ఎక్కువ దూరం అందుతుంది. పెట్రోలు తక్కువ ఖర్చయ్యే వేగానికి తగ్గించాలి. చివరిసారి నిశ్చయంగా తెలిసిన చోటు ఏదో, అక్కడి నుండి ఎన్ని నిమిషాలు గడిచాయో పటం మీద గుర్తించాలి. అన్నిటికంటె ముఖ్యంగా, దారి తప్పానని రేడియోలో వెంటనే చెప్పాలి. ఇది చాలామందికి కష్టంగా తోస్తుంది. కొద్దిసేపు చూద్దాం, ఏదో ఒక ఊరు కనిపిస్తుందిలే అని ఆలస్యం చేస్తారు. గంటసేపటి పెట్రోలు ఉండగా చెప్పినవారికి నేల మీదివారు దారి చూపగలరు. పది నిమిషాల పెట్రోలు మిగిలాక చెప్పినవారికి సాయం చేయడం కష్టం.

ఈనాడు ఉపగ్రహాల సాయంతో స్థానం తెలుసుకొనే జి.పి.ఎస్. వ్యవస్థ ఉన్నది. అది 1995లో పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలయింది. మన దేశం విమానాల కోసం గగన్ అనే వ్యవస్థను నిర్మించుకొన్నది. చేతిలో పట్టే తెర మీద పటమూ, విమానం ఉన్న చోటూ కలిసి కనిపిస్తాయి. దీని వలన ఎన్నో ప్రమాదాలు తప్పాయి. అయినా బ్యాటరీ అయిపోవచ్చు, యంత్రం వేడెక్కి ఆగిపోవచ్చు, ఉపగ్రహ సంకేతానికి అంతరాయం కలగవచ్చు. అందువల్లనే మన దేశంలో విమానం నడిపే లైసెన్సు కోరేవారు ఈనాటికీ వైమానిక మార్గనిర్ణయంలో పరీక్ష వ్రాయవలసి ఉన్నది. తెర ఆరిపోయినప్పుడు పది నిమిషాల క్రితం ఎక్కడ ఉన్నాడో, ఎటు పోతున్నాడో, ఎంత వేగంతో పోతున్నాడో తెలిసినవాడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో లెక్కవేసుకోగలడు. తెరను మాత్రమే చూస్తూ వచ్చినవాడికి ఆ లెక్క మొదలుపెట్టడానికి ఆధారం ఉండదు.

పటాన్ని గౌరవించడం, కాలాన్ని వ్రాసిపెట్టుకోవడం, కంటికి కనిపించినదాన్ని ఉన్నది ఉన్నట్లు ఒప్పుకోవడం, తప్పును చిన్నదిగా ఉన్నప్పుడే సరిదిద్దుకోవడం ఈ విద్యలోని ముఖ్యాంశాలు. వీటికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. ఒక పటం, ఒక స్కేలు, ఒక కోణమానిని, ఒక గడియారం ఉంటే బడిలోని బల్ల మీదనే అభ్యాసం మొదలుపెట్టవచ్చు.

కఠిన పదాలకు అర్థాలు

గగనతలం = ఆకాశభాగం
దిక్సూచి = దిక్కును చూపే పరికరం
అయస్కాంత దిక్పాతం = నిజమైన ఉత్తరానికీ, దిక్సూచి చూపే ఉత్తరానికీ గల కోణభేదం
సమోన్నత రేఖలు = సముద్రమట్టం నుండి ఒకే ఎత్తు గల చోట్లను కలిపే గీతలు
కోణమానిని = కోణాలను కొలిచే సాధనం
నకలు = ప్రతి
ఆగ్నేయం = తూర్పు, దక్షిణాల మధ్య మూల

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. వైమానిక పటానికీ, తరగతి గోడపటానికీ గల భేదమేమి?
2. స్తంభం పక్కన ఉన్న రెండు అంకెలలో పైలట్‌కు ఏది ఎక్కువ అవసరం? ఎందుకు?
3. ఒక్క చెరువునే గుర్తుగా పెట్టుకోరాదని ఎందుకు అన్నారు?
4. చిచెస్టర్ దీవికి నేరుగా గురిపెట్టకపోవడానికి కారణమేమి?

II. ఈ క్రింది ప్రశ్నలకు పది వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. జెప్పసన్ నోటుపుస్తకం ఇతర పైలట్లకు ఎందుకు అవసరమయింది? వివరించండి.
2. "గడియారం, పటం, నేల" అనే క్రమాన్ని తలక్రిందులు చేస్తే కలిగే ప్రమాదమేమి?
3. దారి తప్పిన పైలట్ చేయవలసిన పనులను వరుసగా వ్రాయండి. వాటిలో మీకు అన్నిటికంటె కష్టంగా తోచేది ఏది? ఎందుకు?

III. లెక్కించి చెప్పండి.
1. ఐదు లక్షలకు ఒకటి స్కేలు గల పటంలో రెండు ఊళ్ళ మధ్య దూరం 18 సెంటీమీటర్లు. నేల మీద ఎంత?
2. 120 కిలోమీటర్లు పోయాక విమానం దారికి 4 కిలోమీటర్లు కుడిగా ఉన్నది. దిక్కు ఎన్ని డిగ్రీలు తప్పింది?
3. దిక్సూచి ప్రకారం 270 డిగ్రీలకు పోయే చిన్న విమానం 5500, 6500 అడుగులలో ఏ ఎత్తును ఎన్నుకోవాలి?

IV. సొంతవాక్యాలలో ప్రయోగించండి.
పెద్దపీట వేయు, తప్పుదారి పట్టించు, తలక్రిందులు చేయు, ఉన్నది ఉన్నట్లు

V. వ్యాకరణం
(అ) విడదీసి సంధి పేరు వ్రాయండి: విమానాశ్రయం, శేషాచలం, సమోన్నతం, సారాంశం
(ఆ) విగ్రహవాక్యం, సమాసం పేరు వ్రాయండి: కొండకోనలు, సముద్రతీరం, మూడు పోలికలు

VI. కృత్యం
మీ జిల్లా పటం తీసుకొని మీ ఊరి నుండి దగ్గరలోని పట్టణానికి సరళరేఖ గీయండి. దాని పొడవును, దిక్కును కొలవండి. రేఖకు ఇరువైపులా ఉన్న నదులు, రైలుమార్గాలు, కొండలలో మంచి గుర్తులు మూడింటిని ఎన్నుకొని, గంటకు 160 కిలోమీటర్ల వేగంతో ఒక్కొక్క గుర్తు ఎన్ని నిమిషాలకు వస్తుందో పట్టిక వ్రాయండి. ఆ ఊళ్ళ పేర్లను తెలుగులోనూ, మీ రాష్ట్రభాషలోనూ వ్రాసి తరగతిలో ప్రదర్శించండి.